మొక్క మీద గంప

(బర్మింగ్‌హామ్‌లో ఉగాది తర్వాతి ఆదివారం, అలాట్‌మెంట్లలో, అంటే కూరగాయలు పెంచుకోడానికి అద్దెకిచ్చే చిన్న తోట స్థలాల్లో, కూరగాయలు పెంచే తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనక వరుసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నిన్న పొద్దున నా ప్లాట్‌లో మట్టి ఎంత వెచ్చగా ఉందో కొలిచాను. వంటింట్లో వాడే థర్మామీటరే, సన్నని ఇనప పుల్ల ఉంటుంది చూడండి, అది. నాలుగంగుళాల లోతున గుచ్చితే ఖాళీ మడిలో 7 డిగ్రీలు చూపించింది. పక్క మడి మీద రెండు వారాలుగా పాలిథీన్ కప్పి ఉంచాను. అందులో 11. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఈ నాలుగు డిగ్రీల గురించే.

7 డిగ్రీల తడి మట్టిలో మెంతులు చల్లితే ఉబ్బి, అలాగే పడి ఉండి, చాలావరకు కుళ్ళిపోతాయి. 11లో చల్లితే వారం పది రోజులకి ఆకుపచ్చ గీత కనపడుతుంది. అంటే ఏప్రిల్ నెలాఖరుకి ఇంట్లో మెంతికూర పప్పు. అలా కప్పడానికి నాకైన ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఆ పాలిథీన్ మా ఎదురింటివాళ్ళు కొత్త పరుపు కొన్నప్పుడు దాని మీద చుట్టి వచ్చింది.

ఇలాంటి కప్పుని ఇక్కడ క్లోష్ అంటారు. ఫ్రెంచి మాట, గంట అని అర్థం. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల కూరగాయలు పండించేవాళ్ళు గంట ఆకారంలో ఉండే గాజు మూతలని ఒక్కో మొక్క మీద బోర్లించేవాళ్ళు. ఒక్కో రైతు దగ్గర వందలు, వేలు ఉండేవి. ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. నాకు మాత్రం ఆ గంట కంటే మనూళ్ళ కోళ్ళ గంప గుర్తొస్తుంది. సాయంత్రం కాగానే తల్లికోడినీ పిల్లల్నీ గంప కింద కమ్మేవాళ్ళం కదా. గద్ద, పిల్లి, చలిగాలి ఏవీ దరికి రావు. పొద్దున్నే గంప ఎత్తి వదిలేవాళ్ళం. ఆ ఎత్తడం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

మొక్కల్ని కప్పడం మనకి కొత్తేమీ కాదు. మా పశ్చిమ గోదావరిలో సాయంత్రం వంగ నారు నాటి, మర్నాటి ఎండ దెబ్బ తగలకుండా కొబ్బరాకో, ఆకులున్న కొమ్మో అడ్డం పెట్టేవాళ్ళు. అక్కడ కప్పు అంటే నీడ. ఇక్కడ కప్పు అంటే వెచ్చదనం. ఇది మాటగా చెప్పడం తేలికేగానీ, నా చేతులకి అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టింది. మొదటి ఏడాది అలవాటు కొద్దీ మొక్కల మీద పాత దుప్పటి కట్టి నీడ చేశాను. ఆ చలిలో ఉన్న కాస్త ఎండ కూడా వాటికి అందలేదు.

ఇక్కడ అలాట్‌మెంట్ తీసుకున్న చాలామందికి పూర్తి ప్లాట్ అంటే పది రాడ్లు అని చెప్పి ఉంటారు. మన లెక్కలో 302 గజాలు. ఇప్పుడు సగం, పావు ప్లాట్లే ఎక్కువగా ఇస్తున్నారు. పావు అంటే 75 గజాలు. అడిగినవాళ్ళకి స్థానిక కౌన్సిళ్ళు ఈ స్థలాలు చూపించాలని 1908లో చట్టం వచ్చింది. అప్పటికి వీటి మీద ఆధారపడింది ఎక్కువగా కూలి కుటుంబాలు. అందుకే పారేసిన తలుపు, పాత కిటికీ, తుక్కు చెక్క తెచ్చి పని నడుపుకోవడం అలాట్‌మెంట్లలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. 1912లో మేజర్ చేజ్ అనే ఆయన గాజు పలకల్ని తీగతో బిగించి, వరుసగా పేర్చుకునే క్లోష్ కనిపెట్టారు. మా సైట్‌లో ఒక పెద్దాయన షెడ్డులో అలాంటి తీగలు ఇప్పటికీ వేలాడుతుంటాయి. గాజు పగిలిపోయినా తీగలు పారెయ్యలేదాయన.

ఇక సీసాల సంగతి. అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే ఎక్కువమంది తప్పుగా వాడేదీ అదే కాబట్టి దాని మీద కాసేపు ఆగుతాను.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. అడుగు కోసెయ్యండి. రొట్టె కోసే పళ్ళ చాకుతో మొదలుపెట్టి, గాటు పడ్డాక కత్తెర వాడితే చెయ్యి తెగదు. కోసిన అంచు పదునుగా ఉంటుంది కనక పిల్లలు తోటకి వచ్చే ఇల్లయితే చుట్టూ టేపు వెయ్యండి. మూత తీసెయ్యండి. చాలామంది మూత ఉంచేస్తారు, వెచ్చగా ఉంటుంది కదా అని. తీసెయ్యండి. వేడిగాలి పోయే దారి అదొక్కటే. ఇప్పుడు నారు మొక్క మీద బోర్లించి, అంచు మట్టిలోకి అంగుళం దిగేలా తిప్పుతూ నొక్కండి. తర్వాత సీసా మూతి లోంచి ఒక వెదురు పుల్ల దించి మట్టిలో లోతుగా గుచ్చండి. మొక్క కాండానికి తగలకుండా, కొంచెం పక్కగా. ఈ పుల్ల లేకపోతే మార్చి గాలికి మీ సీసాలన్నీ పక్క ప్లాట్‌లో దొరుకుతాయి. పక్క ప్లాట్‌వాళ్ళతో మాట పడటానికి కారణాల్లో ఇది ముఖ్యమైనది.

సొర, బీర, గుమ్మడి లాంటివాటికి రెండు లీటర్లు సరిపోదు. ఆకు సీసా గోడకి అంటుకుని కుళ్ళుతుంది. వాటికి అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్ వాడండి. ఇక్కడి పాల సీసాలు తెల్లగా, మసకగా ఉంటాయి. వాటిలోంచి వెలుతురు తక్కువ వెళ్తుంది కనక నెలల తరబడి వాడొద్దు. ఇంట్లోంచి బయటికి తెచ్చిన నారుని నాలుగైదు రోజులు అలవాటు చెయ్యడానికి మాత్రం అవే మేలు.

సీసా లోపల జరిగేదేమిటంటే, వెలుతురు లోపలికి వెళ్ళి మట్టిని వేడి చేస్తుంది, మట్టి గాలిని వేడి చేస్తుంది, ఆ గాలి కొట్టుకుపోకుండా సీసా ఆపుతుంది. మనం చలి అనుకునేదాంట్లో సగం గాలే. మా సైట్ కొంచెం ఎత్తు మీద ఉంటుంది. ఏప్రిల్‌లో 12 డిగ్రీలున్న రోజు కూడా గాలి వీచిందంటే మిరప నారు ఆకులు ఒక్క పూటలో నల్లబడతాయి. అదే మొక్కని సీసా కింద ఉంచితే నిలబడుతుంది. అందుకే నేను సీసాని ముందు గాలికి అడ్డుగానే లెక్కేస్తాను.

ఇప్పుడు ఆ గంప ఎత్తే సంగతి.

నాలుగేళ్ళ కిందట ఏప్రిల్ చివర్లో నా దగ్గర పదకొండు సొర మొక్కలుండేవి. ఇండియా నుంచి అత్తగారు పంపిన విత్తనాలు. ఇంట్లో కిటికీ పక్కన నెల రోజులు పెంచి, ప్లాట్‌కి తీసుకెళ్ళి, కుండీలతో సహా ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా కింద పెట్టాను. బట్టలు సర్దుకునే డబ్బాలు ఉంటాయి కదా, పారదర్శకంగా, అది బోర్లించాను. గాలికి ఎగరకుండా పైన రెండు ఇటుకలు. అంచు మట్టిలో బాగా దించాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆ రోజు ఎండ కాసింది. బయట 17 డిగ్రీలే, స్వెట్టర్ వేసుకునే ఎండ. సాయంత్రం ఆరింటికి వెళ్ళి డబ్బా ఎత్తితే పదకొండూ ఉడికిపోయి ఉన్నాయి. ఉడికిన ఆకుకూర ఎలా ఉంటుందో అలా, మెత్తగా, ముదురు రంగులో. వాసన కూడా అదే. అవి చలికి చచ్చిపోలేదండి. ఇంగ్లండులో, ఏప్రిల్‌లో, నేను వాటిని వేడికి చంపాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

తర్వాత వారం అదే డబ్బా కింద థర్మామీటర్ పెట్టి చూశాను. బయట 14 ఉన్న మధ్యాహ్నం లోపల 38. డబ్బా ఒక పక్క ఇటుక పెట్టి నాలుగంగుళాలు ఎత్తితే 22కి దిగింది. పారిస్ రైతులు ఆ గాజు గంటలకి గాట్లు పెట్టిన కర్ర పుల్ల ఒకటి వాడేవాళ్ళు. ఎండని బట్టి ఒక గాటు, రెండు గాట్లు ఎత్తి నిలబెట్టేవాళ్ళు. అన్ని వేల గంటలు, పొద్దున ఎత్తడం, సాయంత్రం దించడం. ఆ పని తప్పించుకునే దారి వాళ్ళకీ దొరకలేదు. క్లోష్ కొనుక్కోవచ్చు, చేసుకోవచ్చు, అడుక్కుని తెచ్చుకోవచ్చు. పొద్దున్న ఎవరు ఎత్తుతారన్నది ముందు తేల్చుకోండి. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళయితే పూర్తిగా మూసే క్లోష్ పెట్టకండి. ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచండి. రాత్రి రెండు డిగ్రీలు తగ్గినా పరవాలేదు, మధ్యాహ్నం ఇరవై పెరగకూడదు.

ఇప్పుడు మడి మొత్తానికి సొరంగంలా వేసే కప్పు చెప్తాను. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మడి అనుకుందాం. నీళ్ళ గొట్టాల దుకాణంలో నీలం రంగు పైపు చుట్టలుగా దొరుకుతుంది, భూమిలో వేసేది. 20 మిల్లీమీటర్లది తీసుకోండి. రెండు మీటర్ల ముక్కలు అయిదు కొయ్యండి, మొత్తం పది మీటర్లు. వేలు లావు వెదురు కర్రలు రెండడుగులవి పది కావాలి. మడికి రెండు వైపులా, రెండున్నర అడుగులకి ఒకటి చొప్పున, సగం పాతి సగం పైకి ఉంచండి. పైపు ఒక కొస ఈ కర్రకి తొడిగి, వంచి, రెండో కొస అవతలి కర్రకి తొడగండి. పైపు బిర్రుగా ఉంటే కాసేపు ఎండలో పడెయ్యండి, మెత్తబడుతుంది. వంపులన్నిటినీ నడినెత్తిన ఒక తాడుతో కలిపి, రెండు చివర్లా మేకుకి కట్టండి. ఈ తాడు కట్టకపోతే వాన నీళ్ళు వంపుల మధ్య గుంటలు కట్టి పాలిథీన్ సాగిపోతుంది.

పైన పరిచే పాలిథీన్ మూడు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉండాలి. ఒక పక్క అంచు మట్టిలో పూడ్చెయ్యండి. రెండో పక్క పూడ్చకండి. ఒక పొడుగాటి చెక్కకి చుట్టి నేల మీద వదిలెయ్యండి. పొద్దున ఆ చెక్క ఎత్తి వంపుల మీద పెడితే తెరుచుకుంటుంది, బట్టల క్లిప్పులు రెండు పెడితే జారదు. రెండు చివర్లని మూట కట్టినట్టు దగ్గరికి లాగి మేకుకి కట్టండి. పగలు అవి కూడా విప్పితే గాలి ఆ చివర నుంచి ఈ చివరకి ఆడుతుంది. పైపుకి పెట్టేదే అసలు ఖర్చు. అది నాకు ఏడేళ్ళుగా పని చేస్తోంది. పరుపు మీద వచ్చే మామూలు పాలిథీన్ ఒక్క వేసవికే ఎండకి పెళుసెక్కుతుంది. తోటలకని అమ్మేది, ఎండని తట్టుకునేలా చేసింది, నాలుగైదేళ్ళు వస్తుంది. పెళుసెక్కిన పాలిథీన్‌ని మడి మీద ఇంకో నెల లాగుదామని చూడకండి. తునకలై మట్టిలో కలిసిపోతుంది. నేను ఒకసారి చేశాను. ఆ తునకలు ఇప్పటికీ పార తగిలినప్పుడల్లా పైకి వస్తున్నాయి.

పాత కిటికీ అద్దాలు దొరికితే రెండిటిని గుడిసె కప్పులా ఆనించి నిలబెట్టొచ్చు, చాలా బాగా పని చేస్తాయి. కానీ పాత కిటికీల రంగులో సీసం ఉండొచ్చు, రాలిన పెచ్చులు మట్టిలో కలవనివ్వకండి. కొన్ని సైట్లలో గాజు తేవద్దని నియమం ఉంటుంది, ముందు కనుక్కోండి.

[సభలోంచి ఒక పెద్దాయన: అమ్మా, రాత్రి ఫ్రాస్ట్, అదే గడ్డకట్టే మంచు, పడితే ఈ పాలిథీన్ ఆపుతుందా?]

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. పలచటి ప్లాస్టిక్ ఒక్కటే అయితే పెద్దగా ఆపదండి. పగలు మట్టి దాచుకున్న వేడి రాత్రి పూట పాలిథీన్ లోంచి ఆకాశంలోకి పోతుంది. గాజు ఆ వేడిని మెరుగ్గా ఆపుతుంది. ఒక డిగ్రీ, రెండు డిగ్రీల తేడా వస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. మబ్బు లేకుండా, గాలి లేకుండా, నక్షత్రాలు బాగా కనపడే రాత్రి అయితే చీకటి పడకముందే వెళ్ళి పాలిథీన్ మీద పాత దుప్పటో, నాలుగు పొరల న్యూస్‌పేపరో వేసి రండి. పొద్దున్నే తీసెయ్యాలి. లోపల నీళ్ళు నింపిన సీసాలు మొక్కల పక్కన నిలబెట్టినా మంచిదే. పగలు వేడెక్కి, రాత్రి మెల్లగా వదులుతాయి. ఇక్కడ మే నెల మధ్య వరకూ, ఒక్కోసారి ఆఖరి వారం వరకూ ఫ్రాస్ట్ భయం ఉంటుంది. సొర, బీర, గోంగూర అన్నీ ఒక్క రాత్రికి పోతాయి.

[అదే పెద్దాయన: మరి చిక్కుడు? మా ఇంట్లో పందిరి నిండా తీగ అల్లుతుంది, అక్టోబర్ వరకూ పువ్వు రాదు. క్లోష్ వేస్తే ముందొస్తుందా?]

రాదండి. ఇది నేను కూడా మూడేళ్ళు కష్టపడ్డాకే తెలుసుకున్నాను. మన చిక్కుడు చాలా రకాలు పగలు పొట్టిదైతేనే పూస్తాయి. మనూళ్ళో జూన్‌లో కూడా పగలు పదమూడు గంటలే. ఇక్కడ జూన్‌లో పదహారున్నర గంటలకి పైగా ఉంటుంది. తీగ పెరుగుతూనే ఉంటుంది, సెప్టెంబర్‌లో పగలు తగ్గాక పూస్తుంది, కాయ పట్టేలోపు చలి వచ్చేస్తుంది. క్లోష్ వేడిని ఇస్తుంది, పొద్దుని తగ్గించలేదు. పొద్దు లెక్క లేకుండా పూసే చిక్కుడు రకం విత్తనం దొరికితే అది వెయ్యండి. లేదంటే ఆ పందిరి మీద ఇక్కడి రన్నర్ బీన్స్ వేసుకోండి, లేతగా ఉన్నప్పుడు కొబ్బరి వేసి కూర చేస్తే బాగుంటుంది.

ఇదే లెక్క గోంగూరకి మనకి కలిసొస్తుంది. అది కూడా పగలు తగ్గితేనే పూసే మొక్క. మనకి కావలసింది ఆకు కదా. వేసవంతా పువ్వు మాట లేకుండా ఆకు ఇస్తూనే ఉంటుంది. అందుకే ఈ దేశంలో క్లోష్ వల్ల పూర్తి లాభం పొందే మన మొక్క ఏదంటే నేను గోంగూర పేరే చెప్తాను. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో విత్తి, మే 20 దాటాక సొరంగం కింద నాటి, జూన్ మధ్య దాకా రాత్రులు మూస్తే, జూలై మొదటికి పచ్చడికి సరిపడా కోసుకుంటున్నాను. కప్పు లేకుండా నాటిన ఏడాది ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది.

నీళ్ళ గురించి ఒక్క మాట. కప్పిన మడి మీద వాన పడదు. బయట మూడు రోజులు ముసురు పట్టినా లోపల మట్టి పొడిగా ఉండొచ్చు. వేలు గుచ్చి చూడండి. గోడల మీద తడి కనపడితే మట్టిలో కూడా తడి ఉందనుకోవద్దు. పొద్దున పూట నీళ్ళు పొయ్యండి, సాయంత్రం పోస్తే రాత్రంతా లోపల తేమ నిలిచి బూజు పడుతుంది.

నత్తలూ, గుల్ల లేని స్లగ్గులూ మన నారు అంటే పడి చస్తాయి. అంచు మట్టిలో దించిన సీసా వాటిని ఆపుతుంది. అయితే కప్పే ముందు లోపల మట్టి గెలికి చూడండి. ఒక్కటి లోపల ఉండిపోయిందంటే, దానికి వెచ్చగా, తడిగా, పక్షుల భయం లేని ఇల్లు మనమే కట్టించి ఇచ్చినట్టు.

పువ్వు వచ్చాక తేనెటీగలు రావాలి కనక గుమ్మడి, దోస జాతుల మీద పగలు కప్పు ఉండకూడదు. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఇక్కడ ఆ వేళకి దాని దగ్గరికి వచ్చే పురుగులు తక్కువ. మగ పువ్వు కోసి, ఆడ పువ్వు మధ్యలో మీరే అద్దండి. ఆడ పువ్వుకి కింద చిన్న పిందె ఉంటుంది, తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద మాత్రం వేసవిలో పాలిథీన్ తీసేసి అవే వంపుల మీద పాత నెట్ కర్టెన్ వెయ్యండి. తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టకుండా, పావురాలు పొడవకుండా కాపాడుతుంది. చారిటీ షాపుల్లో చవకగా దొరుకుతాయి. పెద్ద కళ్ళున్న లేసు రకం తీసుకోకండి, సీతాకోక అందులోంచి దూరుతుంది.

ఈ వారం చెయ్యగలిగిన పని చెప్తాను. మడి తవ్వి, కలుపు తీసి, తడిగా ఉన్నప్పుడే కప్పెయ్యండి, ఏమీ విత్తకుండా. రెండు వారాలు అలాగే ఉంచండి. కలుపు గింజలు ముందు మొలుస్తాయి, వాటిని పైపైన గీకెయ్యండి. అప్పుడు మెంతులు, కొత్తిమీర, ముల్లంగి వెయ్యండి. తోటకూరకి తొందర పడకండి, దానికి ఇంకా వెచ్చదనం కావాలి, మే మధ్య దాకా ఆగండి. వంగ, బెండ గురించి అడుగుతారని తెలుసు. వంగకి ఈ సొరంగం కొంచెం సాయం చేస్తుంది. బెండకి మంచి ఎండలున్న ఏడాది తప్ప చాలదు, గ్రీన్‌హౌస్ ఉన్నవాళ్ళ దగ్గర ఒక మూల అడిగి పెట్టుకోండి.

తలుపు పక్కన బల్ల మీద అడుగు కోసిన సీసాలు నలభై పెట్టాను, అంచులకి టేపు వేసి ఉన్నాయి. వెదురు పుల్లలు కట్ట కట్టి పక్కనే ఉన్నాయి. ఒక్కో ఇంటికి నాలుగు తీసుకోండి. మూతలు కావాలని ఎవరూ అడగొద్దు, ఇంట్లోనే తీసి పారేసి వచ్చాను. నీలం పైపు ఒక చుట్ట మిగిలి ఉంది, పది మీటర్లు సరిగ్గా వస్తుంది. ఈ ఏడాది కొత్తగా ప్లాట్ వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి.